మా బావ కడిగిన ట్యాంకు

మా బావ మురికిని చూసి ఊరుకోలేడు. అది ఎవరి మురికి, కడగమని తనను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్నలు ఆయనకు పుట్టవు. చొక్కా జేబులో ఒక తడిగుడ్డ, ప్యాంటు జేబులో ఒక పొడిగుడ్డ, రెంటికీ తోడు ఒక పాత టూత్‌బ్రష్. పెళ్ళి ఫోటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే, ఆయన మాత్రం మా అక్క భుజం మీది మరక వైపు చూస్తూ ఉంటాడు.

ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. బస్సు డిపోలో బస్సులు కడిగే చోట మేస్త్రీ. పగలంతా బస్సులు కడిగించినవాడికి ఇంటికొచ్చేసరికి చేతులు నొప్పెట్టాలి కదా? ఆయనకు దురద పెడతాయి. పదేళ్ళు వాడి వాడి నల్లగా నిగనిగలాడుతున్న అక్క ఇనుప పెనాన్ని ఒక ఆదివారం తోమి తోమి వెండిలా చేసి పెట్టాడు. దాని మీద ఏం వేసినా అతుక్కుపోయేది. అక్క మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

బ్యాంకులో జరిగింది నేను కళ్ళారా చూశాను. వరసలో మా ముందున్నాయన ఏదో కాగితం చదువుతున్నాడు. బావ "ఒక్క నిమిషమండీ" అని, ఆయన ముఖం మీది కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టేశాడు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడాయన అదిరిపడి.

"ముందు చదవండి. కనపడుతోందా?"

"కనపడుతోంది కానీ..."

"మరింకేం!"

ఇలాంటి మనిషి ఇంటి మేడ మీద గదిలో ఉంటూ, నలభై రెండేళ్ళ వయసులో, నేను బొమ్మ యుద్ధ ట్యాంకు కట్టడం మొదలుపెట్టాను. అసలు ట్యాంకును ముప్ఫై అయిదో వంతుకు కుదించిన ప్లాస్టిక్ ముక్కలు రెండొందల పన్నెండు. వాటిని కత్తిరించి, అరగదీసి, అతికించి, రంగు వేయడానికి రెండు నెలలు పట్టింది. వేళ్ళు జిగురుతో ఒకదానికొకటి అంటుకుపోయి, ఒక రోజు ఆఫీసులో నమస్కారం పెట్టిన చేతులు విడిపోలేదు.

కొత్తగా మెరిసే ట్యాంకును ఎవరూ మెచ్చుకోరు. అది యుద్ధంలో తిరిగొచ్చినట్టు కనపడాలి. అందుకని దాని మీద మట్టి, తుప్పు, మసి, గీతలు అన్నీ మనమే వేయాలి. నేను వేశాను. చక్రాల మీద మట్టి, పైకప్పు మీద మట్టి, ఫిరంగి గొట్టం కొస దాకా మట్టి. తుప్పు సీసా కొన్నాను కాబట్టి సీసా అయిపోయేదాకా తుప్పు.

మా వీధి చివరి మందుల షాపాయన ఇలాంటి బొమ్మలు కట్టేవాళ్ళ సంఘం నడుపుతున్నాడు. ఏడాదికొకసారి ప్రదర్శన. కొత్తవాడి బొమ్మకు బల్ల మీద చోటిస్తే సభ్యుడైనట్టే. తిప్పి పంపితే మళ్ళీ ఏడాది ఆగాలి. ఆఫీసులో మా సెక్షన్‌వాళ్ళందరినీ ఆదివారం రమ్మని పిలిచేశాను. షాపాయనకు ముందుగా ఫోటో కూడా పంపాను.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూద్దును కదా, నా ట్యాంకు బాల్కనీలో తువ్వాలు మీద బోర్లా పడుకుని ఉంది. తళతళలాడుతోంది. సబ్బు వాసన వేస్తోంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. "బావా!"

ఆయన నెమ్మదిగా వచ్చాడు. "ఏమోయ్?"

"ఇదేమిటి?"

"కడిగాను. మురికిగా ఉంది."

"అది మురికి కాదు! మూడు వారాల పని!"

"మూడు వారాల మురికంటే మరీ ఘోరం కదోయ్."

"ఎల్లుండి ప్రదర్శన బావా! సెక్షన్ మొత్తం వస్తోంది! మీకు చేతులు కట్టేసేవాళ్ళెవరూ లేరా?"

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నోటికొచ్చినట్టు తిట్టాను. మామూలుగా నేను ఒకటంటే పది చెప్పే మనిషి, తలొంచుకుని గోరుతో గోరు శుభ్రం చేసుకుంటూ నిలబడ్డాడు. అక్క గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చి నా తరఫున మరో నాలుగు అంటించింది. పెనం సంగతి కూడా అందులో కలిపింది.

శనివారం పొద్దున్నే, నా పేరు కొట్టేయమని చెప్పడానికి మందుల షాపుకు వెళ్ళాను. "ఇక నా వల్ల కాదండీ. మా బావ దాన్ని కడిగేశాడు" అన్నాను.

"హమ్మయ్య, కడిగేశారా! మాటంటే మాటే మీ బావగారిది" అన్నాడు షాపాయన.

"ఏం మాట?"

"నిన్న దగ్గు మందుకొచ్చారు. మేం నలుగురం మీ ఫోటో చూసి నవ్వుతున్నాం, ఏమనుకోకండి. పేడలో పొర్లిన తాబేలులా ఉందన్నాడొకాయన. చక్రాలకు రబ్బరు కదండీ, రబ్బరుకు తుప్పు పట్టించారే! మీ బావగారు ఊరుకోలేదు. 'మావాడు ట్యాంకు ముత్యంలా కట్టాడు, బుద్ధిలేక దాని మీద మట్టి, తుప్పు పూసింది నేను, వాడు చూసుకోకుండా ఫోటో పంపేశాడు, అది తీసేయండి, కడిగిస్తా' అని అరగంట పోట్లాడారు."

పుట్టి బుద్ధెరిగాక దేని మీదా మరక పడనివ్వని మనిషి, నలుగురిలో నిలబడి నా మురికంతా తన నెత్తిన వేసుకున్నాడు. చాలా సిగ్గేసింది. ఆ సిగ్గు వీధి మలుపు దాకానే నిలిచింది. మలుపు తిరిగేసరికి మళ్ళీ ఒళ్ళు మండింది. ఇంత పని చేసి, నాకొక్క ముక్క చెప్పకుండా, నిన్న సాయంత్రమంతా నాచేత తిట్టించుకుంటాడా? నన్నంత దుర్మార్గుణ్ణి చేస్తాడా?

ఇంటికెళ్ళి ట్యాంకు, రంగులు తెచ్చి ఆయన ముందు పెట్టాను. "రబ్బరుకు తుప్పు పట్టదని నాకెందుకు చెప్పలేదు?"

ఆయన ముఖం పాలిపోయింది. "ఆ షాపాయన నోట్లో ఏదీ దాగదన్నమాట" అన్నాడు.

"సరే, ఇప్పుడు చెప్పండి. మురికి ఎక్కడ పడుతుంది?"

ముప్ఫై ఏళ్ళు మురికితో పోరాడినవాడికి దాని అడ్రసు తెలియకుండా ఎలా ఉంటుంది? రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుని మొదలుపెట్టాడు.

"డ్రైవరు ఎక్కేటప్పుడు కాలు ఎక్కడ పెడతాడు? అక్కడ రంగు అరుగుతుంది. డీజిల్ మూత కింద ఒక్క చార. ఒక్కటే! పొగగొట్టం చుట్టూ మసి. మట్టంతా కింద, చక్రాల వెనక. పైన ఉత్త దుమ్ము. అబ్బ... చాలోయ్, చాలు, నేను చూడలేను."

"ఇక్కడ ఇంకొంచెం వేయనా?"

"వేయాలి" అన్నాడు కళ్ళు మూసుకుని. "వేయి. తొందరగా వేసెయ్."

సాయంత్రానికల్లా పని పూర్తయింది. రంగులు ఊడకుండా గట్టిపడే మందు కొట్టి, ట్యాంకును బీరువాలో పెట్టి, తాళంచెవి అక్కకిచ్చాను. బావ దాన్ని ఎంత ప్రేమగా చూస్తున్నాడో, అంత భయమేసింది నాకు.

ఆదివారం, సెక్షన్ మొత్తం చూస్తుండగా, బొమ్మలు ఎంపిక చేసే పెద్దాయన భూతద్దంతో నా ట్యాంకు మీదికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"కొత్తవాళ్ళు మురికి ఇంత సరిగ్గా వేయడం నేను చూడలేదు. ఎవరు చేశారు?"

"మా బావండీ" అన్నాను.

"నేనా?" బావ ఉలిక్కిపడ్డాడు. "అబ్బే! నేను బస్సులు కడిగించేవాణ్ణండీ. మురికంటే నాకు పడదు. అంతా మావాడే. చిన్నప్పటి నుంచీ వాడికి ఇందులో మంచి చెయ్యి."

మందుల షాపాయన ఆశ్చర్యపోయాడు. "మొన్న నేనే పూశానన్నారు కదండీ?"

"అది వేరే మురికండీ" అన్నాడు బావ.

పెద్దాయన బల్ల మీద ట్యాంకుకు చోటు చూపించి, పక్కన పెట్టే చీటీ మీద పేరు రాయమన్నాడు. నా పేరు రాసి, పక్కన బావ పేరు కూడా రాయబోయాను. బావ నా చేతిలోంచి పెన్ను లాక్కుని, మూత పెట్టి, జేబులో వేసుకుని, నా కాలు గట్టిగా తొక్కాడు. నలుగురూ చప్పట్లు కొడుతుంటే, నొప్పితో నేను నవ్వుతూ నిలబడాల్సి వచ్చింది.