చేపలకి చలువ పందిరి

బాగున్న వస్తువును బాగున్నట్టుగా వదిలేయడం సూర్యభాస్కరానికి చేతకాదు. ఏది కంటబడినా దాన్ని 'అప్‌గ్రేడ్' చెయ్యాలి. ఒమాన్‌లోని సీబ్ ఊళ్లో విల్లా అద్దెకు తీసుకున్న కొత్తలో కాలింగ్ బెల్లును అప్‌గ్రేడ్ చేస్తే, అది ఎవరూ నొక్కకుండానే మోగడం నేర్చుకుంది. మిక్సీని అప్‌గ్రేడ్ చేసిన పూట కొబ్బరి పచ్చడి సీలింగుకెక్కింది. ఆయన భార్య సీతాదేవి ఆస్పత్రిలో ఫార్మసిస్టు. "ప్రతి రోగానికీ మా దగ్గర మందుంది, మా ఆయనకి తప్ప" అని అక్కడ అందరితోనూ చెప్పేది.

కాకినాడలో చదివి, పంపుల కంపెనీలో ఇంజనీరుగా ఒమాన్ చేరిన అటువంటి మనిషికి పెరటి మూల ఓ ఎండిపోయిన చిన్న కుంట దొరికింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే.

అడుగున ప్లాస్టిక్ షీటు పరిచి, నీళ్లు నింపి, రంగు చేపల్ని వదిలాడు. వారం తిరక్కుండా నీళ్లు గోంగూర పప్పులా తయారయ్యాయి. ఆ మర్నాడు వంటింట్లో గిన్నెలు తోమే పీచులన్నీ మాయం.

"ఏవండీ, నా పీచులేవీ?"

"ఫిల్టర్లో ఉన్నాయోయ్. నీళ్లు శుభ్రం చేసే బాక్టీరియా కాపురం పెట్టడానికి అంతకు మించిన చోటు లేదు."

"మరి నేను గిన్నెలు దేంతో తోముకోను?"

"చేపల కోసం ఆ మాత్రం సర్దుకోలేవూ?"

తర్వాత జలపాతం పెట్టాడు. అది కుంటలోకి తప్ప అన్ని వైపులకీ దూకేది. సీతాదేవి ఆరేసిన చీరలు ఆరడం మానేశాయి. ఆవిడ కేకలు ప్రహరీ దాటి, పక్కన కొత్త ఇల్లు కడుతున్న సైట్ దాకా వినపడేవి.

ఎండలు ముదిరాయి. నీళ్లు వేడెక్కి చేపలు ఉడికిపోతాయంటూ కుంట మీద పచ్చటి నీడ వల కట్టించాడు. ఆ తర్వాత కుంట గట్టును మంచమంత వెడల్పు చేయించాడు. దాని మీద చాపలు పరిచాడు. నీటి తుంపర్లు చల్లే ఫ్యాను తెచ్చాడు. చివరికి అతిథుల కోసం దాచిన దిండ్లు కూడా కనబడకుండా పోయేసరికి సీతాదేవి ఓపిక నశించింది.

"చేపలు దిండ్లేసుకుంటాయా అండీ?"

"పంపు శబ్దానికి బెదిరిపోతున్నాయి. కింద మెత్తగా ఉండాలని..."

"అన్ని దిండ్లా?"

"పెద్ద పంపు సీతా!"

ఆవిడ తిన్నగా పక్క సైట్లో పనిచేసే, పెద్దులు అనే జగిత్యాల మేస్త్రీ దగ్గరికి వెళ్లి, "రేపు ఆ కుంటని మట్టేసి పూడ్చెయ్యాలి" అంది.

పెద్దులు ముఖం వాడిపోయింది. "పూడ్చుడా? వద్దమ్మా. పాపం, చేపలు ఏడికి పోతయి?"

ఈ జబ్బు ఇతనికీ అంటుకుందే అని విస్తుపోయింది సీతాదేవి. తనే దగ్గరుండి పూడ్పించాలని మర్నాడు సగం పూట సెలవు పెట్టి మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. పెరటి తలుపు తోసి, అక్కడే ఆగిపోయింది.

నీడ వల కింద, చల్లటి తుంపర్లలో, పెద్దులూ అతని తోటి పనివాళ్లూ ఒళ్లెరగకుండా నిద్రపోతున్నారు. ఆవిడ దిండ్లు వాళ్ల తలల కింద ఉన్నాయి. మేలుకుని ఉన్నవి చేపలు మాత్రమే.

అలికిడికి పెద్దులు దిగ్గున లేచాడు. "డ్యూటీల ఉన్నం అమ్మా! పిల్లి రాకుంట సార్ కాపలా పెట్టిండు."

"కాపలావాళ్లు నిద్రపోతారా?"

"పండుకున్నట్టు కనవడితెనే పిల్లి ధైర్యంగ వస్తదట. అప్పుడు పట్టుకోవాల్నట. సారే చెప్పిండు."

ఇంతలో ఐసు సంచీ మోసుకుంటూ భాస్కరం వచ్చాడు. భార్యను చూసి తడబడి, "చేపల కోసం" అన్నాడు అలవాటుగా. ఆవిడ ఆయన్ని వంటింట్లోకి లాక్కెళ్లింది.

"ఇప్పుడు నిజం చెప్పండి."

భాస్కరం గొంతు తగ్గించాడు. "ఈ ఎండలకి మధ్యాహ్నం పని ఆపేస్తారు. కానీ వీళ్లుండే క్యాంపు చాలా దూరం. టిప్పర్ నీడన పడుకునేవారు. నీడ జరిగితే వాళ్లూ జరిగేవారు. మా ఇంటికి రండయ్యా అంటే, 'ఊకెనే వచ్చి ఎట్ల పండుకుంటం సార్' అన్నాడు పెద్దులు. అభిమానం గల మనిషి. అందుకే డ్యూటీ ఇచ్చాను."

"ఆ ముక్క నాతో చెబితే కాదంటానా?"

"అనవు. కానీ నువ్వు అలా నిజంగా కేకలేస్తేనే కదా, ఇదంతా చేపల కోసమేనని వాళ్లకి నమ్మకం!"

కోప్పడాలో నవ్వాలో తెలియక సీతాదేవి ఫ్రిజ్ తలుపు తీసి, దాని వెనక ముఖం దాచుకుంది. కాసేపటికి అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ పెద్ద గిన్నెడు, గ్లాసులు పట్టుకుని పెరట్లోకి నడిచింది.

"మాకెందుకమ్మా ఇది, ఊకెనే!" అంటూ పెద్దులు వెనక్కి జరిగాడు.

"ఊరికే కాదు నాయనా. మా ఆస్పత్రిలో అందరికీ మజ్జిగ చేసి పట్టుకెళ్లాలి. ఉప్పు కుదిరిందో లేదో నాకు తెలియట్లేదు. మీరంతా తాగి చెప్పాలి."

పెద్దులు గ్లాసు ఖాళీ చేశాడు. మూతి తుడుచుకుని, ఆవిడ వంకా, వెనక నిలబడ్డ భాస్కరం వంకా చూశాడు. తర్వాత గంభీరంగా తలాడించాడు.

"ఉప్పు జర తక్కువైంది అమ్మా. రేపు మల్లొక్కపారి చూడాలె."