పాటను మింగిన మోటారు

మా అమ్మకు వచ్చిన పాటలన్నీ రేడియో నేర్పినవే. ఉరవకొండకు అవతల చేలోనే ఇల్లు కట్టుకుని ఉన్నాం కాబట్టి ఊళ్లో భజనలకు పోవడం ఆమెకు కుదిరేది కాదు. పొద్దున్నే రేడియో పెట్టుకుని, వచ్చిన కీర్తనను వచ్చినట్టు గొంతులో వేసుకునేది. అది ఏ రాగమని అడిగితే మాత్రం "అదంతా నాకెందుకప్పా" అనేది. పాడేటప్పుడు ఒక్క స్వరం తప్పినట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు. తప్పినా పట్టుకునేంత జ్ఞానం నాకు లేదనుకోండి.

అలా పట్టుకున్న పాటల్లో ఒకదానికి మధ్యలో బొక్క ఉంది. కృష్ణుడు ఆలస్యంగా ఇంటికొస్తాడు. ఇంతసేపూ ఎక్కడ తిరిగావని యశోద నిలదీస్తుంది. చరణంలో కృష్ణుడు జవాబు చెప్తాడు. ఆ జవాబే అమ్మకు రాదు. అక్కడికి రాగానే నోరు మూసుకుని రాగం తీసి, తర్వాతి పంక్తి అందుకుంటుంది. నా పిల్లలు "అవ్వా, కృష్ణుడు ఏం చెప్పినాడు?" అని అడిగితే ఎప్పుడూ ఒకటే మాట: "మీ తాత మోటరేసినాడు, నాకేం తెలుసు."

చేలో బోరు మోటారు తిరిగితే రేడియోలో గరగరమని ఒకటే గోల. మా చిన్నప్పుడు కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. వచ్చిందంటే నాయన తింటున్న ముద్ద వదిలేసి స్టార్టరు దగ్గరికి పరుగెత్తేవాడు. ఆ పాట రేడియోలో వచ్చిందే రెండు మూడుసార్లు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక మోటారు తిరుగుతూనే ఉంది. ఆ గోలలోనుంచే అమ్మ మాట మాటా ఏరుకుని పాట కూర్చుకుంది, ఆ ఒక్క పంక్తి తప్ప.

ఇక నాయనకు తిట్లే తిట్లు. "నా మోటరు కాదే, ఆ రేడియోవాళ్ల దగ్గరే ఏమో అయ్యుండాది" అని ఆయన మొత్తుకునేవాడు. "నువ్వు చేసింది వాళ్ల మీదికి తోస్తాండావా?" అని అమ్మ ఇంకో రెండు తగిలించేది. నాయన పోయాక కూడా ఆ నింద పోలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ల దగ్గర ఆయన మంచితనం అంతా చెప్పి ఏడ్చి, చివర్లో "మోటరు ఇసయంలో మాత్రం మొండోడు" అనింది.

ఈ ఏడు వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగి కాయపట్టే సమయానికి వాన ముఖం చాటేసింది. అప్పుడే రేడియో స్టేషన్‌వాళ్లు ఒక రోజంతా తమ దగ్గరున్న పాత టేపులు వేస్తామని ప్రకటించారు. శాస్త్రీయ సంగీతం, హరికథ, పద్యనాటకం, లలిత గీతాలు. కృష్ణుడి పాట ఆ స్టేషన్‌లోనే కట్టి పాడించింది. ఫోన్లో ఎంత వెతికినా దొరకలేదు. అందుకని ఆ రోజు పొద్దున్నే అమ్మ రేడియోలో కొత్త సెల్లులు వేయించుకుని, చేటలో ఉలవలు పోసుకుని అరుగు మీద కూర్చుంది. "ఈ పొద్దు మోటరు జోలికి పోయినావంటే చూడు" అనింది నాతో.

నాకు చిర్రెత్తింది. "నీళ్లు లేకపోతే శనక్కాయ చెట్లు పాట పాడతాయా?" అన్నాను. ఇద్దరం కాసేపు వాదులాడుకుని చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. నాదస్వరం, వీణ వచ్చేటప్పుడు మోటారు ఆపాలి. హరికథ, పద్యనాటకం తనకు తెలిసిన కథలే కాబట్టి అప్పుడు వేసుకోవచ్చు. లలిత గీతాలు మొదలైతే స్టార్టరు వైపు చూడకూడదు. వేయడం, ఆపడంతోనే నాకు మధ్యాహ్నమైంది. హరికథ ఇంకొంచెం సాగితే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నది ఆ రోజే.

పద్యనాటకం సగంలో ఉండగా పక్క చేను మామ కూడా మోటారు వేశాడు. మామ మాకు చుట్టం కాదు. వాళ్లు ముస్లింలు. అయినా మా నాయనను బావా అని, అమ్మను అక్కా అని పిలిచే చనువు. నాటకం అయిపోయి, లలిత గీతాల్లో మొదటిది అదేనని అనౌన్సరు చెప్పగానే అమ్మ "ఒరే!" అని ఒక్క కేక పెట్టింది. నేను మా స్టార్టరు ఆపి, గట్టు దాటి మామ దగ్గరికి పరుగెత్తాను.

"మామా, రోంతసేపు మోటరు ఆపు. అమ్మ పాటొస్తాండాది."

"ఆ కృష్ణుని పాటేనా? బావ ఉన్నెప్పుడు పెద్ద తగువు గదప్పా దానిమీద!" అంటూ మామ మోటారు ఆపి, ఆయన కూడా నా వెంటే వచ్చాడు.

మేము అరుగు చేరేసరికి పల్లవి అయింది. గాజు గిన్నెలో నీళ్లంత తేటగా ఉంది పాట. అమ్మ చేట పక్కన పెట్టి, రేడియోను ఒళ్లో పెట్టుకుంది. యశోద అడగడం అయిపోయింది. చరణం అందుకున్నారు. కృష్ణుడు నోరు తెరిచే చోట రేడియో గరగరమంది. ఆ వెంటనే తర్వాతి పంక్తి మళ్లీ తేటగా వచ్చింది.

అమ్మ నా వైపు చూసింది. "మోటరు ఆపినావు గదా?"

"ఆపినానమ్మా."

"నాదీ ఆపినానక్కా" అన్నాడు మామ.

పాట అయిపోయాక అనౌన్సరు వచ్చి, టేపు మొదటినుంచీ దెబ్బతిని ఉండడం వల్ల చరణంలో ఒక పంక్తి వినపడదని, శ్రోతలు మన్నించాలని చెప్పాడు. తర్వాతి పాట ఎవరు రాశారో, ఎవరు పాడారో చెప్పుకుంటూ పోయాడు.

"అయితే ఇన్నేండ్లూ బావను ఊరికే..." అని మామ నాలుక కరుచుకున్నాడు. వేరే రోజయితే అమ్మ ఆయనను అక్కడే కడిగేసేది. ఆ రోజు ఒళ్లో ఉన్న రేడియోను దించి అరుగు మీద పెట్టింది. నాయన ఉండి ఉంటే కండువా గాల్లోకి ఎగరేసి ఊరంతా చెప్పి వచ్చేవాడు.

అమ్మ రేడియో కట్టేసింది. "పో, మోటరెయ్యి. చెట్లు వాడిపోతాండాయి" అనింది.

నేను లేచి నాలుగడుగులు వేశాక వెనకనుంచి ఆమె గొంతు వినపడింది. నాతో చెప్తోందో, మామతో చెప్తోందో తెలియలేదు.

"నా మోటరు కాదే, నా మోటరు కాదే అని ఎన్నిసార్లు చెప్పినాడప్పా ఆయప్ప. ఒక్కసారన్నా నేను సరేలే అనింటే నా సొమ్మేం పోయేది."