ఎడమకు లాగిన బండి

హగరి నుంచి కుడతిని పవర్ స్టేషన్‌కు రోజూ పదిమంది ఆడవాళ్లను నా వ్యానులో తీసుకెళ్లేదాన్ని. వాళ్లకు అక్కడి క్యాంటీన్లో పని. వాళ్లలో ఆరు నెలల గర్భిణి ఒకామె, కుదుపులు తగలకూడదని నా పక్క సీట్లో కూర్చునేది.

ఒక వానాకాలం సోమవారం నీళ్లు నిండిన గుంటలో ముందు ఎడమ చక్రం ధడేల్మని పడింది. అప్పటినుంచి బండి ఎడమకు లాగడం మొదలుపెట్టింది. మర్నాడే అలైన్‌మెంట్ చేయించాను. ముందు చక్రాలు రెండూ సూటిగా చూసేట్టు సరిచేసి ఒక కాగితం ఇచ్చారు. అందులో అంకెలన్నీ పచ్చగా ఉన్నాయి, రెండు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఎందుకని అడగలేదు.

రోడ్డెక్కాక మళ్లీ లాగింది. స్టీరింగ్‌ను కుడివైపుకు బిగబట్టి నడిపాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే బండి ఆపాలి, ఆపితే వాళ్ల హాజరు పోతుంది. అదీగాక, ఆడదానికి బండి గురించి ఏం తెలుసన్న మాట మళ్లీ వినాలనిపించలేదు.

గురువారం ఉదయం కుడతిని దగ్గర ఎడమ మలుపు తిరిగాను. పట్టు వదులు చేస్తే తనంతట తాను వెనక్కి రావాల్సిన స్టీరింగ్ రాలేదు. రోడ్డు పక్కన ఆగివున్న, పవర్ స్టేషన్ బూడిద మోసే ట్యాంకర్ ముందు అద్దం నిండా కనిపించింది. రెండు చేతులతో కుడికి గుంజాను. ట్యాంకర్‌కు తగిలి పక్క అద్దం పెళ్లున విరిగిపడింది. ఎదురుగా బస్సు హారన్. మళ్లీ ఎడమకు తిప్పి, బ్రేకు తొక్కి, ఎలాగో ఆపాను. పక్కనున్న అమ్మాయి రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కళ్లు మూసుకుని ఉంది.

"ఏందమ్మా, నిద్ర పట్టిందా నీకు?" అని అరిచింది వెనక కూర్చున్న పెద్దామె.

"లేదు. సోమారం నుంచి బండి ఎడమకు లాగుతాంది."

"తెల్సీ ఎక్కించుకుంటివా మమ్మల్ని?"

అందరూ దిగి, మిగిలిన దూరం నడిచి వెళ్లారు.

ఖాళీ బండిని మెల్లగా దగ్గర్లోని షెడ్డుకు తీసుకెళ్లాను. ముసలి మెకానిక్ వంగి, నా చేతిని ఎడమ టైరుకూ దాని వెనకున్న మడ్‌గార్డుకూ మధ్య పెట్టించాడు. రెండు వేళ్లే పట్టాయి. కుడివైపు నాలుగు పట్టాయి.

"చూడమ్మా, సైకిల్ ముందు ఫోర్క్ ఏటవాలుగా ఉంటాది గదా. ఆ వాలుంటేనే చెయ్యి సడలించినా చక్రం నేరుగా వస్తాది. కాస్టర్ అంటారు దాన్ని. నీ బండికి చక్రాన్ని పట్టుకోనుండే కింది ఆర్మ్ వంగి, ఎడమ చక్రం వెనక్కి జరిగినాది. ఆ పక్క వాలు తగ్గినాది. అందుకే అటు లాగుతాంది."

కాగితం తీసి ఇచ్చాను. ఎర్ర అంకెల మీద వేలు పెట్టాడు. "ఇది కాస్టర్. ఇంకోటి క్యాంబర్, చక్రం నిలువుగా ఉండాదా, పక్కకు ఒరిగిందా చెప్తాది. రెండూ తప్పు. ముందే రాసిచ్చినారు గదమ్మా. నువ్వు అడగలేదా?"

"లేదప్పా" అన్నాను.

ఆర్మ్ మార్చి, కోణాలన్నీ మళ్లీ కొలిచేసరికి మధ్యాహ్నం దాటింది. షెడ్డు పక్క మైదానంలో మలుపు తిప్పి పట్టు సడలించాను. స్టీరింగ్ నా అరచేతుల్లోంచి జారుతూ నేరుగా వచ్చి నిలిచింది.

సాయంత్రం పవర్ స్టేషన్ గేటు దగ్గర నిలబడి, ఎర్ర అంకెల సంగతితో సహా వాళ్లకు అంతా చెప్పాను. పెద్దామె బస్టాపు వైపు నడిచింది. ఇప్పటికీ బస్సులోనే వెళుతోంది. గర్భిణి మాత్రం చాలాసేపు తటపటాయించి, "మెల్లగా పోవాల అక్కా" అంటూ ఎక్కింది. ఈసారి నా పక్కన కాదు, వెనక సీట్లో కూర్చుంది.