ముగ్గు ఫోటోలో లేని గీత

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. ఇంట్లో ఎవరైనా అవి మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం కుదరలేదు. అయినా పోయిన ఎండాకాలం నా కంప్యూటర్ ముందు జరిగినదాన్ని ఏమనాలో తెలియక ఇది రాస్తున్నాను.

నేను మార్కాపురంలో ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. సివిల్ డిప్లొమా చదివాను. బస్టాండుకు దగ్గరలో ఒక మిద్దె మీద చిన్న గది, కంప్యూటరు, ప్రింటరు, ఎప్పుడూ సరిగా తిరగని ఫ్యాను. అదే నా ఆఫీసు.

మా వైపు జనం ప్లాన్ గీయించుకుని పునాది తీయరు. ముందు మంచిరోజు చూసుకుని మేస్త్రీ చేత నేల మీద ముగ్గు పోయించేస్తారు. ఏ గది ఎక్కడో, ఏ గుంత ఎక్కడో అన్నీ తెల్లటి గీతల్లో తేలిపోయాక, బ్యాంకులోనో పంచాయతీలోనో కాగితం అడిగితే అప్పుడు నేను గుర్తొస్తాను. "ఆడ ముగ్గు పోసి ఉంది కదమ్మా, దాన్ని చూసి గీసేయ్" అంటారు, అదేదో ఇడ్లీ పార్సిల్ కట్టమన్నంత తేలిగ్గా. ఎంత కసిరినా వాళ్ళు మారలేదు, నేనే మారాను. పక్క మిద్దె ఎక్కి ముగ్గు మొత్తం కనబడేలా ఫోటో తీసి పంపమంటాను. దాన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అడుగున పరిచి, వంకర సరిచేసి, తెలిసిన ఒక గోడ కొలతకు సరిపోయేలా సాగదీస్తాను. తర్వాత ఫోటోను లేతగా చేసి, పైన గీతలు దిద్దుకుంటూ పోతాను. చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దిన పనే ఇది. అడుగున ఉన్నదే పైన గీయాలి, సొంత తెలివి పనికిరాదు.

గురవయ్య చిన్నాయనది పెద్దారవీడు దగ్గర పల్లె. మాకు చుట్టం కాదు, మా వైపు అందరినీ ఏదో ఒక వరస పెట్టే పిలుస్తాం. వాళ్ళకు గొర్రెల మంద ఉంది. ఊళ్ళో పాత గొర్రెల దొడ్డిని చదును చేసి అందులో ఇల్లు కట్టుకుంటున్నారు. ఎప్పటిలాగే ముగ్గు ముందు, ప్లాన్ తర్వాత. మేస్త్రీ ఫోటో పంపాడు.

పట్టపగలే కూర్చున్నాను. కింద ఆటోలవాళ్ళు కేకలేసుకుంటున్నారు. గదులన్నీ దిద్దాక వాయవ్య మూలకు వచ్చాను. అక్కడ సెప్టిక్ ట్యాంకు ముగ్గు ఉంది. దాని లోపల ముగ్గు గీతలతో ఇంకో చిన్న డబ్బా కనిపించింది. ఒక గోనెసంచి పరిస్తే కప్పేసేంత ఉంది. మిగతా ముగ్గంతా తాడు పట్టి పోసింది కాబట్టి తిన్నగా ఉంది. ఇది మాత్రం చేత్తో పోసినట్టు సన్నగా, కొంచెం వంకరగా ఉంది. నాకు ఇంత బాగా గుర్తుండటానికి కారణం ఒళ్ళు మండటమే. తాగే నీళ్ళ సంపును తెచ్చి సెప్టిక్ ట్యాంకులో పెట్టాడేంటని మేస్త్రీని తిట్టుకున్నాను. నాలుగు మూలలా మౌస్ నొక్కి, డబ్బా మూసి, లోపల 'సంపు' అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.

మర్నాడు పొద్దున చిన్నాయన, ఆయన భార్య కోటమ్మ చిన్నమ్మ వచ్చారు. ఆ మరుసటి రోజే జేసీబీ వస్తోందని, ముందు ట్యాంకు గుంతే తవ్విస్తారని చెప్పారు.

"చిన్నాయనా, సంపు ఈడ పెట్టినారేంది?" అని అడిగాను.

"ఏం సంపమ్మా? ఈడ లెట్రిన్ గుంత ఒకటే. సంపు ఇంటి ముందర కదా పోయించినాం" అన్నాడు.

చూపిద్దామని నా గీతలు కనబడకుండా చేసి ఫోటో ఒక్కటే ఉంచాను. ట్యాంకు ముగ్గు ఉంది. దాని లోపల ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. పెద్దది చేసి చూశాను. ఫోన్‌లో మేస్త్రీ పంపిన అసలు ఫోటో తెరిచాను. అందులోనూ లేదు. గీతలు మళ్ళీ పెడితే నా డబ్బా, నా ప్రశ్న గుర్తు ఎక్కడివక్కడే ఉన్నాయి. సిగ్గేసింది.

"పొరపాటు పడినా చిన్నాయనా, తీసేస్తా" అన్నాను.

"తీయబాకమ్మా" అంది కోటమ్మ. అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్న మనిషి లోపలికి వచ్చి ఆ డబ్బా మీద వేలు పెట్టింది.

ఆమె తొలికాన్పు ఆ దొడ్డి పక్కనున్న పాత ఇంట్లోనే అయింది. ఆడపిల్ల. పుట్టేటప్పటికే ప్రాణం లేదు. అప్పుడు చిన్నాయన మందను తోలుకుని దూరం పోయి ఉన్నాడు. అత్త ఆ బిడ్డను పాత చీర ముక్కలో చుట్టి, దొడ్లో ఒక చోట పూడ్చి వచ్చింది. ఎక్కడో చెప్పలేదు. చెబితే కోడలు అక్కడే కూర్చుని ఏడుస్తుందని ఆమె భయం. మంద తిరిగి వచ్చి తొక్కాక నేలంతా ఒక్కలాగే అయిపోయింది. తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు. అత్త ఆ మాట చెప్పకుండానే చనిపోయింది.

"ఎప్పటి మాటో ఇప్పుడెందుకే" అన్నాడు చిన్నాయన మెల్లగా.

"రేపు జేసీబీ తవ్వేది ఈడనే కదా" అంది ఆమె.

నాకు భయం వేసింది. దెయ్యమని కాదు, ఆమె ఆ డబ్బాను నమ్మేస్తున్నందుకు. "చిన్నమ్మా, ఇది నా చేతి పొరపాటు. దీన్ని పట్టుకోబాకు" అని బతిమాలాను.

"దొడ్డంతా ఉండగా నీకు పొరపాటు ఈడనే ఎందుకు వచ్చిందమ్మా?" అంది.

మేస్త్రీకి ఫోన్ చేస్తే, ట్యాంకుకు ఒక్క ముగ్గే పోశానని గట్టిగా చెప్పాడు. ట్యాంకును ఇంకో పక్కకు మార్చి ప్లాన్ మళ్ళీ గీశాను. ఆ చోటు నేల మీద చూపించమని కోటమ్మ పట్టుబట్టింది. వెళ్ళక తప్పలేదు. పక్కవాళ్ళ గోడ నుంచి టేపు పట్టి, నా డ్రాయింగు ప్రకారం కొలిచి "ఈడ" అన్నాను. నా వృత్తిలో ఇంత భయపడుతూ ఏ కొలతా చెప్పలేదు. తవ్వి చూద్దామా అని మేస్త్రీ అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

నేను వెతకని కారణం లేదు. ఆ వారం గీసిన వేరే ఫోటోలన్నీ చూశాను, అలాంటి డబ్బా దేనిలోనూ లేదు. కళ్ళు పరీక్ష చేయించుకున్నాను, బాగానే ఉన్నాయన్నారు. చెయ్యి జారితే ఒక గీత పడుతుంది, నాలుగు వైపులా మూసి పేరు రాసిన డబ్బా పడదు. నేను దాన్ని చూశాను. చూసే గీశాను. అది మాత్రం ఫోటోలో లేదు.

ఇల్లు లేచాక మెట్ల కొలతలు చూడటానికి మళ్ళీ వెళ్ళాను. ఆ చోటు చుట్టూ నాలుగు రాళ్ళు పాతి ఖాళీగా వదిలేశారు. కోటమ్మ మిగతా దొడ్డంతా చీపురు పట్టుకుని గబగబా తిరుగుతోంది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"ఇన్నేళ్ళు ఈ దొడ్లో అడుగు తీసి అడుగేయాలంటే భయమమ్మా, ఏడ బిడ్డను తొక్కుతానో అని. ఇప్పుడు మామూలుగా నడుస్తున్నా" అంది.

నేను గీసింది నిజమో కాదో నాకు ఈనాటికీ తెలియదు. నిజం కాకపోతే ఆ బిడ్డ ఆ దొడ్లోనే ఇంకెక్కడో, ఆమె నడిచే చోటే ఉంటుంది. ఆ మాట ఆమెతో అనలేక తలూపి మెట్లు కొలుచుకుని వచ్చేశాను.