చెలమ దగ్గర వల

మా ఆయనకు కౌజుపిట్టల పిచ్చి. ఎండాకాలం ఉద్దానంలో గెడ్డ వాగు ఎండిపోతే, మా జీడితోట వెనక ఇసుకలో ఒక్క చెలమలోనే నీరు ఊరుతుంది. దాహం వేసిన ప్రతి ప్రాణీ అక్కడికే రావాలి. దాని పక్కన వల పరిచి, తాడు చివర పట్టుకుని పొద చాటున పడుకునేవాడు. పిట్టలు దిగగానే లాగితే వల వాటి మీద పడుతుంది. "నీళ్లకొచ్చినవాటిని పట్టడమేటయ్యా, పాపం కాదా?" అని దెబ్బలాడేదాన్ని. కూర వండినరోజు మాత్రం నోరు మూసుకుని తినేదాన్ని, అబద్ధమెందుకు.

ఒకరోజు తాడు చేజారి పిట్టలన్నీ ఎగిరిపోయాయట. ఆ ఉక్రోషంతో మర్నాడు సాయంత్రం తాడును కుడి మణికట్టుకు మూడు చుట్లు చుట్టి ముడేశాడు. నేను ఇరవై అడుగుల దూరంలో జీడిపిక్కలు ఏరుతున్నాను. పనసకాయ కోసిన కత్తి నా పక్కనే ఉంది.

పిట్టలు రాలేదు. ఎలుగుబంటి పిల్ల వచ్చింది. నీళ్ల మీదికి వంగబోయి వలలో కాలు పెట్టింది. గింజుకునేకొద్దీ వల ఒంటికి చుట్టుకుంది. అది కీచుమని అరవగానే తుప్పల్లోంచి తల్లి వచ్చింది. బాబోయ్, అంత దగ్గరగా ఎలుగును చూడడం నాకదే మొదలు.

పిల్ల గింజుకున్నప్పుడల్లా తాడు బిగిసి, మా ఆయన చెయ్యి పొద బయటికి వచ్చేస్తోంది. ముడి ఊడడం లేదు. పళ్లతో కొరుకుతూ నా వైపు చూశాడు.

"ఒసే, కత్తి ఇసురు! ఇసురే!"

కత్తి చేతిలోకి తీసుకున్నాను కూడా. విసిరితే ఆ ఎలుగు నా వైపు తిరుగుతుందని భయం. అదే, ఇంకేం లేదు. చెట్టు వెనక్కి జరిగి కళ్లు మూసుకున్నాను. ఆయన మళ్లీ పిలిచాడు. తర్వాత కేక వినబడింది.

కళ్లు తెరిచేసరికి వల చిరిగి ఉంది, ఎలుగులు లేవు. ఆయన భుజం చీరుకుపోయింది. మణికట్టు దగ్గర తోలు ఊడి వేలాడుతోంది.

ఆసుపత్రిలో మా అత్త నా మీదికొచ్చింది. "నువ్వక్కడే ఉన్నావు గదే, ఏటి సేసినావు?"

నేను నోరు తెరవకముందే మంచం మీంచి ఆయన అన్నాడు: "దాన్నేటి అంటావమ్మా? అది తోట ఆ సివర ఉన్నాది. దానికేటీ తెలీదు."

"అవునత్తా," అన్నాను.

కట్టు విప్పేవరకు నెలరోజులు నేనే అన్నం కలిపి తినిపించాను. ఈరోజు అడుగుతాడు, ఈరోజు అడుగుతాడని ప్రతి ముద్దకీ ఆయన నోటి వంకే చూసేదాన్ని. "ఇంకాస్త పులుసెయ్యే" అనేవాడు, అంతే. ఎందుకు విసరలేదే అని ఒక్కసారి అడిగి, నాలుగు తిట్టినా బాగుండును.