దిగేది లేదు

మార్కాపురం పొలిమేరలో, పలకల గనుల నుంచి తెచ్చి పారబోసిన రాతిముక్కల కుప్పల మీద వాన పడితే ఒక వాసన లేస్తుంది. చిన్నప్పుడు బడిలో తడిగుడ్డతో పలక తుడిస్తే వచ్చే వాసనే, కాకపోతే రోడ్డంతా కమ్ముకునేంత. మొన్న నాయన కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టరుకు చూపించి తిరిగొస్తుంటే ఆ వాసన ముందొచ్చింది, చినుకులు వెనకొచ్చాయి. బండి మీద నా వెనక కూచున్న నాయన గొడుగు విప్పి, "పాపా, యాడన్నా ఆపు. కరెంటు బండి, వానలో షాక్ కొడ్తాది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఈ బండి మా పాలేనికి వచ్చిన రోజు నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాను. విన్నప్పుడల్లా దానికి దిమ్మతిరిగే జవాబు చెప్పిన మనిషి గుర్తొస్తుంది. బండి ఆమెదే, మా సువార్తమ్మత్తది.

మీరామెను చూసి ఉండరు. చూసి ఉంటే మరిచిపోయేవాళ్ళు కాదు. మనిషి జానెడు, గొంతు బారెడు. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే పాస్టరుగారి మైకు దండగ. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక్క దడే అడ్డం. నాయన ఆమెను అక్కా అనేవాడు కాబట్టి నాకు అత్తయింది. మార్కాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేసేది. రోజూ పోయి రావడానికి బస్సును నమ్ముకుని విసిగిపోయి, ఒకరోజు ఎలక్ట్రిక్ మోటార్ సైకిల్ తెచ్చి వాకిట్లో నిలబెట్టింది. పాలెమంతా మూగింది. "స్కూటర్ తీసుకోకపోయినావా? మగోళ్ళ బండి ఏంది?" అన్నాడొకాయన. "స్కూటర్ చక్రం మన బురదలో దిగబడితే నువ్వొచ్చి లేపుతావా?" అంది. చీర కింద పాత ప్యాంటు ఒకటి తొడుక్కుని, కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, అటో కాలు ఇటో కాలు వేసుకుని కూచునేది. వానొస్తే షాక్ కొట్టి చస్తావని అందరూ భయపెట్టారు. మొదటి వాన పడగానే బండి తీసి చర్చి చుట్టూ చుట్ల మీద చుట్లు తిరిగింది. ముద్దయిపోయి వచ్చి, "సచ్చినానా? లేదు గదా! ఇంక నోళ్ళు మూసుకోండి" అని ఇంట్లోకి పోయింది.

ఊరికి ఎడంగా ఉండే మా పాలేనికి రెండు దారులు. ఒకటి వాగు మీది చప్టా. వాగు పారి చప్టా మునిగితే రెండోదే గతి, ఊరి నడివీధి. ఆ వీధిలో పెద్దాయన ఇల్లు. ఊరంతా ఆయన్ను పెద్దాయన అనే అంటుంది, నేనూ అట్లే అంటాను. మా వాళ్ళు తరాలుగా ఆయన పొలాల్లోనే కూలి చేశారు. ఒకప్పుడు ఆ ఇంటి అరుగు ముందు నుంచి మా పాలెం వాళ్ళు బండెక్కి పోకూడదు. మా తాత సైకిల్ దిగి నడిపించుకుంటూ పోయేవాడు. వాన పడుతుంటే గొడుగు కూడా ముడవాలి. నెత్తిన వాన కొడుతుంటే చేతిలో ముడిచిన గొడుగు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాకు బుద్ధి తెలిసేనాటికి దిగమని ఎవరూ అడగడం లేదు. అడగకపోయినా నాయన దిగేవాడు. ఎందుకు దిగుతావంటే "అలవాటు పాపా" అనేవాడు. సువార్తమ్మత్త మాత్రం ఎన్నడూ దిగలేదు. పైగా అరుగు దగ్గరికి రాగానే హారన్ కొట్టేది. దారికి ఎవరూ అడ్డం లేరు కదత్తా, ఎందుకు కొడతావని ఒకసారి అడిగాను. "ఈ బండి చప్పుడు చెయ్యదు గదే. దొంగ మాదిరి గమ్మున ఎందుకు పోవాల? పోతున్నానని తెలియాల" అంది.

నాకు నర్సింగ్‌లో సీటు వచ్చిన ఏడు, సర్టిఫికెట్లు చూపించడానికి ఒంగోలు పోవాల్సిన రోజే వాగు పొంగింది. ఆ రోజు పోకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. చప్టా మునిగింది, బస్సు రాలేదు. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. అత్త బండి తీసి, "ఏడ్చింది చాల్లే వదినా. మార్కాపురంలో ఒంగోలు బస్సు ఎక్కిస్తా. ఎక్కు పాపా" అంది. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి రవిక లోపల దోపుకున్నాను. నాయన బండికి అడ్డం వచ్చి నిలబడ్డాడు. "అక్కా, అరుగు కాడ మాత్రం దిగి తోసుకుపోండి. పెద్దాయన చేను కౌలుకి అడిగినాను. ఈ ఒక్క రోజుకి నా మాట ఇను" అన్నాడు. అత్త బండి తాళం తిప్పింది. "నీ కష్టం నాకు తెలుసు తమ్ముడా. అయినా దిగేది లేదు" అంది.

అరుగు ముందు నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. పెద్దాయన టీ తాగుతున్నాడు, చుట్టూ మరికొందరు కూచుని ఉన్నారు. అత్త హారన్ కొట్టుకుంటూ నీళ్ళలోకి దింపింది. సరిగ్గా అరుగుకు ఎదురుగా బండి ఆగిపోయింది. చప్పుడు లేని బండి గనుక ఆగిన సంగతి ముందు తెలియనే లేదు, చక్రం పక్కన నీళ్ళు చీలడం మానేస్తే తెలిసింది. అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. "దిగి తోసుకో సువార్తా. నీకు లేకపోయినా బండికి మర్యాద తెలిసినట్టుంది" అన్నాడు పెద్దాయన. సీటు పోతుందన్న భయం ఒక పక్క, అందరూ చూస్తున్నారన్న సిగ్గు ఒక పక్క. దిగబోతుంటే అత్త చెయ్యి వెనక్కి పెట్టి నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

"దిగినావంటే సూడు."

"బస్సు పోతాదత్తా!"

"పోదు. రెండు కాళ్ళూ కింద ఆనించి నడువు. కూచొనే నడువు."

ఆమె కాళ్ళు రెండు, నా కాళ్ళు రెండు. సీటు వదలకుండా, ఎండ్రకాయ పాకినట్టు, ఆ బురదనీళ్ళలో బండిని నెట్టుకుంటూ కదిలాం. ఆమె చెప్పు ఒకటి బురదలో ఊడిపోయింది, వంగి తీసుకోలేదు. అరుగు మీద నవ్వులు ఆగలేదు. "నవ్వనీ. నవ్విన నాపచేనే పండుతాది" అని గొణుగుతూ హారన్ మీద నుంచి వేలు తియ్యలేదు. గట్టెక్కాక తాళం తీసి, బ్రేకులో చేరిన నీళ్ళు పోయేలా దాని పిడి నాలుగు సార్లు నొక్కి వదిలి, తాళం మళ్ళీ తిప్పితే బండి బతికింది. అప్పుడు వెనక్కి తిరిగి, "పెద్దాయనా! బండికి మర్యాద తెల్వదు. నేను నేర్పలేదు" అని అరిచింది. బస్టాండులో బస్సు కదులుతుంటే ఎక్కాను. కిటికీలోంచి చూస్తే ఒంటి చెప్పుతో నిలబడి, పొమ్మని చెయ్యి ఊపుతోంది. ఎవరు ఏమన్నా అననీ, నా జీవితంలో అంత అందమైన మనిషిని నేను చూడలేదు.

ఆ ఏడు నాయనకు కౌలు దొరకలేదు. అత్తతో చాన్నాళ్ళు మాటల్లేవు. "ఆమెకేమి, నెల జీతముంది. పొలం మీద బతికేటోడికి తెలుస్తాది" అనేవాడు. ఆ మాటలో నిజం లేదనను. నిజమైనా సరే, ఆమె దిగి ఉండాల్సిందని మాత్రం నేను ఒప్పుకోను. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు ఆమెతోనే అన్నాను, "బండి దిగలేదు సరే, కాళ్ళయితే బురదలో పెట్టినాం గదత్తా" అని. పకపకా నవ్వింది. "కాళ్ళు నేల మీద ఉండాల్సిందేనే. కూచున్న చోటు వదిలినామా, అది చెప్పు" అంది.

నిరుడు అత్త పోయింది. నేను గిద్దలూరులో నర్సుగా చేస్తున్నాను. ఆమె కూతురు కనిగిరి నుంచి వచ్చి, అమ్మ నీకే ఇమ్మందంటూ బండి తాళం నా చేతిలో పెట్టింది. సెలవుకు వచ్చినప్పుడల్లా తీస్తాను. వానైతే తప్పకుండా తీస్తాను.

మొన్న ఊరు చేరేసరికి చప్టా మీద నీళ్ళు పారుతున్నాయి. బండి నడివీధిలోకి తిప్పాను. అదే అరుగు, అదే మడుగు, కుర్చీలో మరింత ముసలివాడైన పెద్దాయన. దగ్గరవుతుంటే వెనక సీటు కదిలింది. నాయన కాళ్ళు నేలను వెతుక్కుంటున్నాయి. నా తల మీది నీడ తొలిగింది, గొడుగు ముడుస్తున్నాడు.

"నాయనా, కూచో. గొడుగు ముడవొద్దు. కంట్లో నీళ్ళు పడగూడదన్నాడు డాక్టరు."

"బండి ఆగిపోతే పాపా?"

"ఆగితే కూచొనే తోద్దాం. నీకు రెండు కాళ్ళున్నాయి, నాకు రెండున్నాయి."

బండి నీళ్ళలోకి దిగింది. నా చూపు ముందు చక్రం మీద నుంచి మరల్లేదు. సగం దాటేసరికి తల మీదికి గొడుగు మళ్ళీ వచ్చింది. నాయన నా చెవి దగ్గరికి వంగాడు.

"హారన్ మరిచిపోయినావే" అన్నాడు.

కొట్టాను. వీధి చివరిదాకా వేలు తియ్యలేదు.