సారమ్మ కుట్టు, వసంతమ్మ పేరు

మొయినాబాద్‌లో తన బొంత కప్పుకోకుండా పెరిగిన పిల్ల లేదని సారమ్మ గొప్పలు చెప్పుకునేది. అందులో సగానికి పైగా నిజమే. పాత చీరలు నాలుగు పరిచి, మూలలకు రాళ్ళు పెట్టి, దాని మీదనే కూర్చుని సూది దించిందంటే వరుస గీత గీసినట్టు పోయేది. కుట్టు వడ్లగింజంత. ఎక్కువా కాదు, తక్కువా కాదు. చేవెళ్ల అంగడికి పోయినా, షాబాద్‌లో చుట్టాలింటికి పోయినా, మంచం మీద ఎవరి బొంత కనబడితే వాళ్ళది కళ్ళతోనే కొలిచి, "ఎవరు కుట్టిండ్రమ్మా, కోడి గీకినట్టున్నది" అని అన్నాకే మంచినీళ్ళు తాగేది.

వసంతమ్మకు బొంత కుట్టడం నేర్పింది కూడా సారమ్మే. వసంతమ్మ బస్టాండు దగ్గర బట్టల దుకాణం రాజమౌళి భార్య. ఒక వానకాలం గిరాకీ లేక, పొద్దుపోక, సారమ్మ అరుగు మీదికి వచ్చి కూర్చునేది. అంత దుకాణం ఉన్న ఇంటామె తన ముందర శిష్యురాలిలా కూర్చుంటే సారమ్మకు లోపల ఎంత సంబరమో! కానీ వసంతమ్మ చేతికి వరుస రాలేదు. ఒక కుట్టు చీమంత పడితే ఇంకొకటి జెర్రి అంత పడేది. "బట్టలమ్ముకునేదానివి, నీకెందుకమ్మా గీ కుట్టుడు" అని సారమ్మ నవ్వితే ఆమె కూడా నవ్వేది. అప్పటికి ఇద్దరి మధ్య ఏ పేచీ లేదు.

పేచీ స్వప్నికతో వచ్చింది.

హైటెక్ సిటీ లేచిన తరువాత ఇటువైపు చేన్లకు కంచెలు లేచాయి, కంచెల లోపల ఫాంహౌజ్‌లు లేచాయి. కంప్యూటర్ నౌకరీలవాళ్ళు ఆదివారం వచ్చి కాళ్ళకు మన్ను అంటించుకుని, సోమవారానికల్లా కడుక్కుని పోయేవాళ్ళు. సారమ్మ కొడుకు ప్రేమ్ కుమార్ కూడా చేను పని విడిచి ఒక కంపెనీకి క్వాలిస్ కారు నడిపేవాడు. చిల్కూరు తోవలో అట్లాంటి ఫాంహౌజ్ ఒకటి స్వప్నిక అనే ఆర్టిస్టు కిరాయికి తీసుకుంది. కలకత్తా నుంచి, కేరళ నుంచి బొమ్మలు చేసేవాళ్ళు వచ్చి అక్కడ నెలలు నెలలు ఉండేవాళ్ళు. సారమ్మ భర్త మోషే అక్కడ చెట్లకు నీళ్ళు పట్టేవాడు. ఒకాయన పాత నాగలి కర్రులన్నీ వెల్డింగు చేయించి నిలబెట్టాడని ఇంటికి వచ్చి చెప్పాడు.

"గదేం బొమ్మయ్యా?" అంది సారమ్మ.

"అడిగిన. చూసెటోళ్ళకు ఎట్ల కనబడితె అదే అన్నడు. నాకైతె నాగలి కర్రులే కనబడ్డయ్."

ఆ స్వప్నిక ఒకనాడు ఊరి ఆడవాళ్ళను పిలిచి, వాళ్ళు కుట్టే బొంతలతో బంజారాహిల్స్‌లో ఎగ్జిబిషన్ పెడతానంది. చిన్నవి చాలా పెడుతుందట గానీ, ఎదురుగోడకు మాత్రం ఒకటే ఒకటి, పన్నెండు అడుగులది. దాని పక్కన కుట్టినామె పేరు. "ముందు తలా ఒకటి మామూలుది తెండి. ఎవరిది నచ్చితే వాళ్ళు పెద్దది కుడతారు. పాత బట్టలతోనే కుట్టాలి" అని చెప్పింది.

ఆ గోడ తనదేనని సారమ్మ ఆ క్షణమే నిశ్చయించుకుంది. పాత బట్టల మాటే ఆమెకు నచ్చలేదు. పట్నం పెద్దమనుషులు చూసేచోట ఇంట్లోవాళ్ళు కట్టి విడిచిన గుడ్డలు వేలాడదీస్తే పరువేం కాను? రాజమౌళి దుకాణంలోనే కొత్త బట్ట చింపించుకుని వచ్చి నెలరోజులు కుట్టింది. వసంతమ్మ మాత్రం, చనిపోయిన తన అత్త చీరలు రెండు, మొగుని ధోవతి ఒకటి పరిచి వారంలో ముగించింది.

స్వప్నిక సారమ్మ బొంతను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూసింది. "చాలా నీట్‌గా ఉందమ్మా. మిషన్ మీద కుట్టారా?"

సారమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. "మిషనా? నా ఇంట్ల మిషన్ లేదు బిడ్డా. గీ చెయ్యే ఉన్నది."

"అయ్యో, తప్పుగా అనుకోకండి. చాలా పర్‌ఫెక్ట్‌గా ఉంది. బట్ట కూడా కొత్తదే. అదే ప్రాబ్లం. నాకు కుట్టిన మనిషి కనబడాలి." అని పక్కనున్న వసంతమ్మ బొంత ఎత్తింది. ఎత్తిందో లేదో మొహం వెలిగిపోయింది. "ఇది చూడండి, ఎంత జీవం ఉందో!"

"అమ్మా, గది వంకర. వంకరను వంకరనే అంటరు" అంది సారమ్మ.

"ఆ వంకరే బాగుంది" అంది స్వప్నిక.

నలభై ఏళ్ళుగా వరుస తప్పకుండా కుట్టిన చెయ్యి ఓడిపోయి, వరుస రాని చెయ్యి గెలిచింది. వసంతమ్మ పెద్ద బొంత మొదలుపెట్టింది. పేపరు జిల్లా పేజీలో ఆమె ఫొటో పడింది, సూది పట్టుకుని, తల కొంచెం వంచి. సూది పట్టుకున్న తీరు కూడా తప్పేనని సారమ్మ ఆ ఫొటో చూపించి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఆదివారం చర్చి అయిపోయాక అదే చర్చికి వచ్చే నిర్మలమ్మ సారమ్మ దగ్గరికి వచ్చి, "సారమ్మక్కా, వసంతమ్మ దగ్గర్నే నేర్చుకున్నవట గదా నువ్వు బొంతలు కుట్టుడు?" అని అడిగింది. సారమ్మకు ఆ పూట అన్నం దిగలేదు.

మరునాడు అరుగు మీద పాత చీర పరిచి తను కూడా వంకరగా కుట్టబోయింది. నాలుగు కుట్లు వంకరగా పడ్డాయి. అయిదోది తిన్నగా పోయింది. కళ్ళు మూసుకుని కుట్టింది. తెరిచి చూస్తే వరుస తాడు గుంజినట్టుంది. మోషే బీడీ ఆర్పి దగ్గరికి వచ్చాడు.

"ఏమే, కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తున్నవా, బొంత కుడుతున్నవా?"

"నీకేం ఎరుక నా బాధ? పోయి నీ చెట్లకు నీళ్ళు వట్టుకోపో."

ప్రార్థన కూడా చేసింది. ఒకరి మేలు చూసి ఓర్చుకునే మనసు ఇయ్యమని మొదలుపెట్టి, ఆ పెద్ద బొంత మాత్రం ఎక్కడికక్కడ ఊడిపోవాలని ముగించింది. దేవుడు మొదటి సగం విన్నాడో లేదో గానీ రెండో సగం విన్నాడు.

ఎగ్జిబిషన్‌కు అయిదు రోజులుందనగా వసంతమ్మ పెద్ద మూట ఆటోలో వేసుకుని సారమ్మ గుమ్మం ముందు దిగింది. మంచం మీద పరిచే బొంత వేరు, గోడకు వేలాడే బొంత వేరు. తాడుకు కట్టి చూస్తే లోపలి పొరలన్నీ జారి కిందికి దిగి, నిండు చూలాలి కడుపులా ఉబ్బిందట. స్వప్నిక నెత్తి పట్టుకుని కూర్చుందట.

"అక్కా, జర నువ్వే ఏదన్న చెయ్యాలె" అంది వసంతమ్మ.

"ఇన్నేండ్లకు అక్కనైతినా?"

"నీకన్న చిన్నదాన్నే గదా."

"పేపర్ల ఫొటో వచ్చిననాడు గూడ చిన్నదానివే ఉంటివి. ఆనాడు రాలేదు గద, గీ గుమ్మానికి?"

వసంతమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు చూస్తే సారమ్మకు కడుపు చల్లబడింది. కానీ అంతటితో ఊరుకుంటే సారమ్మ ఎందుకవుతుంది?

"కుడుత. ఈపు దిక్కు ఇంకొక చీర ఏసి, ముందటికి కనబడకుంట పొరలన్ని వట్టి కుడుత. గాని నా పేరు చెప్పాలె. అందరి ముంగట చెప్పాలె."

"చెప్త అక్కా. మా అత్త మీద ఒట్టు."

"సచ్చినామె మీద ఒట్టేంది? నీ దుకాణం మీద వెయ్యి."

వేసింది.

నాలుగు రోజులు సారమ్మ ఆ బొంత మీదనుంచి లేవలేదు. వెనకవైపు నీలం చీర పరిచి, వసంతమ్మ వంకర కుట్లు వేటికీ తాకకుండా, పై పొర దాటకుండా కుట్టింది. మూడోనాడు ఒక ఆలోచన వచ్చింది. తాడు దూర్చే పై అంచు దగ్గర రెండు వరుసలు వదులుగా విడిస్తే చాలు. అందరూ చప్పట్లు కొడుతుండగా బొంత జారి వసంతమ్మ నెత్తిన పడుతుంది. ఆ సంగతి తలుచుకుని ఒక్కతే నవ్వుకుంది కూడా. ఒక వరుస వదులుగానే కుట్టింది. తరువాత ఆలోచిస్తే, పడ్డదాన్ని ఎత్తి చూసేవాళ్ళకు ఊడినవి తన కుట్లే కనబడతాయి. సారమ్మ కుట్టు ఊడిందన్న మాట పడడం కన్నా వసంతమ్మ పేరు గోడెక్కడమే నయమనిపించింది. ఆ వరుస విప్పి, జోడు దారంతో మళ్ళీ బిగించింది.

ఎగ్జిబిషన్ రోజు ప్రేమ్ కుమార్ డ్యూటీ మార్చుకుని క్వాలిస్‌లో తల్లిని తీసుకుపోయాడు. తెల్లటి గోడలు, నున్నటి నేల, గోడగోడకూ దీపాలు. ఎదురుగోడకు ఆ బొంత చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. పక్కన చిన్న అట్ట మీద పేరు. సారమ్మ బైబిలు చదివే కళ్ళతో చదివింది. వసంతమ్మ పేరొక్కటే. సరే, నోటితో చెప్తుందిలే అనుకుని నిలబడింది.

పట్టుచీర కట్టుకున్న వసంతమ్మ చేతికి మైకు ఇచ్చారు. "ఇవి మా అత్తమ్మ చీరలు" అంది. "నాకు చిన్నప్పటినుంచే బొంతలు కుట్టుడంటే పానం" అంది. "అందరికి నమస్తే" అని మైకు ఇచ్చేసింది. చప్పట్లు మోగాయి.

సారమ్మ మనుషులను తోసుకుంటూ గోడ దగ్గరికి పోయింది. కింది అంచు రెండు చేతులా పట్టుకుంది. కాపలా అతను ఉరికి వచ్చాడు.

"అమ్మా, ముట్టుకోవద్దు!"

"నా కుట్టు నేను ముట్టుకుంటె నీకేం నొప్పి?"

అంచు భుజం దాకా ఎత్తి పట్టుకుంది. నీలం చీర మీద తెల్లదారం వరుసలు, ఆ చివర నుంచి ఈ చివర దాకా, దున్నిన చాళ్ళలా. చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. స్వప్నిక వంగి వేలుతో ఒక వరుస వెంట తడుముతూ పోయింది.

"ఇది ఎవరు కుట్టారు?"

వసంతమ్మ కొంగు చివర నలుపుతూ, "సారమ్మక్కనే" అంది. "చెప్దామనే అనుకున్న అక్కా. మైకు వట్టుకోంగనే భయమైంది."

"చిన్నప్పటినుంచి అన్నప్పుడు భయం కాలేదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. స్వప్నిక నవ్వలేదు. ఇద్దరు పనివాళ్ళను పిలిచి, బొంతను గోడ మీదనుంచి దింపించి, హాలు నడుమ పైకప్పుకు బిగించిన ఇనుప కడ్డీకి వేలాడదీయించింది. అటు ఒక మొహం, ఇటు ఒక మొహం. ఇంకో అట్ట తెప్పించి సారమ్మ పేరు తనే తెలుగులో రాసింది.

సారమ్మ తన వైపు పోయి నిలబడింది. పేరు రెండుసార్లు చదువుకుంది. ఒత్తు సరిగ్గానే పడింది. కానీ మనుషులంతా మళ్ళీ అటువైపే పోయారు. ఫొటోలు అటే, నవ్వులు అటే. బొంత కింద నుంచి చూస్తే అటు ఇరవై జతల చెప్పులు కనబడుతున్నాయి. ఇటు తన కాళ్ళు తప్ప ఇంకేమీ లేవు.

అప్పుడు మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకున్న పిల్ల ఒకతె తోవ తప్పినట్టు ఇటు వచ్చింది. వరుసలు చూసి, బొంతకు మొహం ఆనించేంత దగ్గరికి పోయి, "ఆంటీ, ఇది వెనకవైపా?" అని అడిగింది.

"కాదు బిడ్డా" అంది సారమ్మ, వసంతమ్మ చెవిన పడేంత గట్టిగా. "మొగం ఇదే. ఈపు అటు దిక్కున్నది."